రెండు నదుల మధ్య బెస్సరేబియా: భూగోళం, సరిహద్దు, భాష

లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరవాత మీరు:
• బెస్సరేబియా ప్రాంతాన్ని పటంలో గుర్తించి, దాని నైసర్గిక విభాగాలను వివరించగలుగుతారు.
• 1812 నుంచి 1991 వరకు ఈ ప్రాంతం ఎన్నిసార్లు చేతులు మారిందో, ఎందుకు మారిందో కాలక్రమంలో చెప్పగలుగుతారు.
• భాష, జాతీయత, రాజ్యాధికారం అనే మూడు అంశాలను విడదీసి పరిశీలించగలుగుతారు.

1. పరిచయం

ఈ పాఠం చదివేటప్పుడు అట్లాస్ దగ్గర పెట్టుకోండి. తూర్పు యూరప్ పటంలో రొమేనియాకు, ఉక్రెయిన్‌కు మధ్య ఒక చిన్న దేశం కనిపిస్తుంది. దాని పేరు మోల్డోవా గణతంత్రం, రాజధాని కిషినావ్. అక్కడ ఎక్కువ మంది మాట్లాడేది రొమేనియన్ భాష. పడమర సరిహద్దుగా ప్రవహించే ప్రుత్ నది దాటితే రొమేనియా దేశం వస్తుంది. అక్కడా అదే భాష. అయితే రొమేనియాలోనూ మోల్డోవా అనే పేరుతోనే ఒక పెద్ద ప్రాంతం ఉంది. ఒకే పేరు, ఒకే భాష, మధ్యలో అంతర్జాతీయ సరిహద్దు.

ఈ పరిస్థితి ఎలా వచ్చింది? ఈ పాఠం చెప్పినప్పుడల్లా విద్యార్థులు నన్ను మరో ప్రశ్న కూడా అడుగుతుంటారు: "ఇంతకీ ఆ నేల న్యాయంగా ఎవరిది సార్?" ఈ రెండో ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పిన ప్రభుత్వాలన్నీ ఆ నేల మీది మనుషులకు కష్టాలే తెచ్చాయి. అందువల్ల మనం మొదటి ప్రశ్నతో మొదలుపెడదాం. ప్రుత్ నది ఎప్పుడు, ఎవరి నిర్ణయంతో సరిహద్దు అయిందో తెలిస్తే, తరవాతి రెండు వందల ఏళ్ల చరిత్ర చాలావరకు అర్థమవుతుంది.

2. నైసర్గిక స్వరూపం

బెస్సరేబియా అంటే పడమర ప్రుత్ నది, తూర్పున డ్నీస్టర్ నది, దక్షిణాన డాన్యూబ్ నది ముఖద్వారం, నల్ల సముద్రం హద్దులుగా ఉన్న భూభాగం. డ్నీస్టర్‌ను రొమేనియన్ భాషలో నిస్త్రు అంటారు. ఈ ప్రాంత విస్తీర్ణం సుమారు 45,000 చదరపు కిలోమీటర్లు. ఇందులో మూడింట రెండు వంతులు నేటి మోల్డోవాలో, మిగిలినది ఉక్రెయిన్‌లో ఉన్నాయి.

ఈ ప్రాంతాన్ని ఉత్తరం నుంచి దక్షిణానికి మూడు భాగాలుగా చూడవచ్చు. ఉత్తరాన హోతిన్ పట్టణం చుట్టూ ఉన్న మెట్ట మైదానాలు. మధ్యలో కోద్రు అనే అడవుల కొండలు. ఇక్కడి బలనెష్తి కొండే ప్రాంతంలో ఎత్తయినది, అయినా దాని ఎత్తు సుమారు 430 మీటర్లే. దక్షిణాన బుడ్జాక్ అనే గడ్డి మైదానం. వానలు తక్కువ, చెట్లు తక్కువ, గుర్రాల మీద తిరిగే సంచార జాతులకు అనువైన నేల.

నేలల్లో ముఖ్యమైనది చెర్నోజెమ్ అనే నల్లమట్టి. దక్కన్ పీఠభూమిలోని రేగడి నేలలను భూగోళ పుస్తకాలు దీనితో పోల్చడం మీరు చదివే ఉంటారు. రంగులో పోలిక ఉన్నా పుట్టుక వేరు. మన రేగడి ప్రధానంగా లావా శిలలు శిథిలమై ఏర్పడింది. చెర్నోజెమ్ వేల ఏళ్లపాటు గడ్డి మైదానాల్లోని గడ్డి కుళ్లి, జీవపదార్థం పేరుకోవడం వల్ల ఏర్పడింది. గోధుమ, మొక్కజొన్న, పొద్దుతిరుగుడు, ద్రాక్ష ఇక్కడి ప్రధాన పంటలు.

ఎత్తయిన పర్వతాలు లేకపోవడం, నేల సారవంతంగా ఉండడం, డాన్యూబ్ ముఖద్వారం పక్కనే ఉండడం: ఈ మూడూ కలిసి బెస్సరేబియాను పెద్ద సామ్రాజ్యాలు కోరుకునే నేలగా, సులువుగా ప్రవేశించగల నేలగా చేశాయి.

3. నది మధ్యలో ఉన్న రాజ్యం

14వ శతాబ్దం మధ్యకాలంలో కార్పేథియన్ పర్వతాలకు తూర్పున మోల్డావియా రాజ్యం ఏర్పడింది. క్రమంగా అది డ్నీస్టర్ నది వరకు, నల్ల సముద్రం వరకు విస్తరించింది. దాని ప్రసిద్ధ పాలకుడు మహా స్తెఫాన్ (1457–1504).

ఒక రాజ్యం తన సరిహద్దుగా దేన్ని భావించిందో తెలుసుకోవాలంటే దాని కోటలు ఎక్కడున్నాయో చూడాలి. హోతిన్, సొరోకా, తిగినా, చెతాత్యా ఆల్బా: మోల్డావియా తూర్పు కోటలన్నీ డ్నీస్టర్ ఒడ్డునే వరసగా ఉన్నాయి. ప్రుత్ ఒడ్డున అలాంటి కోటల వరస లేదు, ఎందుకంటే ప్రుత్ ఆ రాజ్యం నడిమధ్య ప్రవహించే నది. 16వ శతాబ్దం నుంచి రాజధానిగా ఉన్న యాష్ నగరం ప్రుత్‌కు దగ్గరలోనే ఉంది. ఆనాటి పటంలో అది దేశం మధ్యలో ఉన్న రాజధాని.

1484లో ఆటోమన్ సుల్తాన్ రెండవ బయెజిద్ సముద్రతీరంలోని చిలియా, చెతాత్యా ఆల్బా కోటలను పట్టుకున్నాడు. 1538లో సుల్తాన్ సులేమాన్ దండయాత్ర తరవాత తిగినా కోట కూడా తుర్కుల చేతికి వెళ్లి బెండర్ అయింది. బుడ్జాక్ మైదానంలో నొగాయ్ తాతార్లు స్థిరపడ్డారు. మోల్డావియా మాత్రం ఆటోమన్ రాష్ట్రంగా మారలేదు. సుల్తాన్‌కు కప్పం కడుతూ, సొంత రాజు, సొంత చట్టాలు, సొంత చర్చి ఉన్న సామంత రాజ్యంగా కొనసాగింది. ఈ తేడాను గుర్తుంచుకోండి; 1812 ఒప్పందం గురించిన వాదనలన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి.

ఇక పేరు సంగతి. బెస్సరేబియా అనే మాట పొరుగు రాజ్యమైన వల్లాకియాను పాలించిన బసరాబ్ వంశం నుంచి వచ్చింది. మొదట్లో అది డాన్యూబ్ ముఖద్వారం దగ్గరి దక్షిణ భాగానికి మాత్రమే పేరు.

4. 1812: నది సరిహద్దు అయిన సంవత్సరం

1806లో రష్యాకు, ఆటోమన్ సామ్రాజ్యానికి యుద్ధం మొదలైంది. 1812 నాటికి నెపోలియన్ రష్యా మీదికి రాబోతున్నాడని స్పష్టమైంది. దక్షిణాన ఉన్న సైన్యాన్ని ఖాళీ చేసుకోవడం రష్యాకు అత్యవసరం. యుద్ధంతో అలసిన సుల్తాన్‌కూ సంధి కావాలి. ఫలితమే 1812 మే 28న కుదిరిన బుకారెస్ట్ సంధి. ప్రుత్, డ్నీస్టర్ నదుల మధ్య భూభాగాన్ని ఆటోమన్ సామ్రాజ్యం రష్యాకు అప్పగించింది. నెల తిరక్కుండానే నెపోలియన్ సేనలు రష్యాలో ప్రవేశించాయి.

మోల్డావియా తన భూమిలో దాదాపు సగం కోల్పోయింది. దేశం మధ్యలో ఉన్న యాష్ ఒక్కసారిగా సరిహద్దు పట్టణం అయింది. అటు రైతుకు ఇటు పొలం, ఇటు మఠానికి అటు భూములు మిగిలిపోయాయి. సామంత రాజ్యం భూమిని ఇచ్చేసే హక్కు సుల్తాన్‌కు లేదని రొమేనియన్ చరిత్రకారులు వాదిస్తారు. క్రైస్తవులను తుర్కుల పాలన నుంచి విడిపించామని రష్యన్ చరిత్రకారులు రాశారు. ఈ రెండు వాదనల్లోనూ కనిపించని విషయం ఒకటుంది: ఆ ఒప్పందం రాసినప్పుడు అక్కడి ప్రజలను ఎవరూ అడగలేదు.

రష్యా తనకు దక్కిన మొత్తం భూభాగానికి బెస్సరేబియా అని పేరు పెట్టింది. దక్షిణపు మూలకు ఉన్న పేరు మొత్తానికీ పాకింది. పేరు మారితే పాత రాజ్యంతో సంబంధం పలచబడుతుంది. పరిపాలనలో పేర్లు పెట్టడం ఎంత బలమైన సాధనమో ఇక్కడి నుంచి గమనిస్తూ రండి.

5. జార్ల పాలనలో సమాజం (1812–1917)

మొదట్లో రష్యా మెత్తగా వ్యవహరించింది. 1818లో బెస్సరేబియాకు స్వయంప్రతిపత్తి ఇచ్చింది. పదేళ్లకే, 1828లో, దాన్ని చాలావరకు తగ్గించింది. 1860ల నాటికి పాఠశాలల్లో రొమేనియన్ స్థానాన్ని రష్యన్ ఆక్రమించింది.

ఖాళీ అయిన బుడ్జాక్ మైదానంలోకి కొత్తవారు వచ్చారు. నొగాయ్ తాతార్లు వెళ్లిపోగా బల్గేరియన్లు, జర్మన్లు, గగౌజ్‌లు స్థిరపడ్డారు. గగౌజ్‌లు మాట్లాడేది తుర్కీ కుటుంబానికి చెందిన భాష, మతం మాత్రం ఆర్థడాక్స్ క్రైస్తవం. పట్టణాల్లో యూదుల సంఖ్య పెరిగింది.

సరిహద్దు మధ్యలో ఒకసారి జరిగింది కూడా. క్రిమియా యుద్ధంలో రష్యా ఓడిపోవడంతో 1856 పారిస్ సంధి ప్రకారం దక్షిణ బెస్సరేబియా మోల్డావియాకు తిరిగి వచ్చింది. 1859లో మోల్డావియా, వల్లాకియా ఒకే పాలకుడిని, అలెగ్జాండ్రు ఇయోన్ కూజాను, ఎన్నుకుని కలిశాయి; రొమేనియా రాజ్యానికి అదే పునాది. కాని 1878 బెర్లిన్ కాంగ్రెస్ దక్షిణ బెస్సరేబియాను మళ్లీ రష్యాకు ఇచ్చింది. బదులుగా రొమేనియాకు ఉత్తర డొబ్రుజా దక్కింది.

1897 రష్యన్ జనగణన ప్రకారం బెస్సరేబియా జనాభా సుమారు 19.3 లక్షలు. మాతృభాషను బట్టి చూస్తే రొమేనియన్ (జనగణన మాటల్లో మోల్డావియన్) మాట్లాడేవారు 47.6 శాతం, ఉక్రెయినియన్ 19.6, యిడ్డిష్ 11.8, రష్యన్ 8, బల్గేరియన్ 5.3 శాతం. తరవాతి కాలంలో ఈ అంకెలను రెండు పక్షాలూ వాడుకున్నాయి. "అన్నిటికంటే పెద్ద సమూహం మాదే" అని ఒకరు, "సగం కూడా లేరు" అని మరొకరు. రెండు వాక్యాలూ నిజమే. అంకె ఒకటే అయినా ప్రశ్నను బట్టి జవాబు మారుతుంది.

పల్లెకు, పట్టణానికి ఉన్న తేడా కూడా చూడాలి. రొమేనియన్ మాట్లాడేవారిలో అత్యధికులు గ్రామాల్లోని రైతులు. అదే 1897లో కిషినావ్ నగర జనాభాలో సుమారు 46 శాతం యూదులు. రొమేనియన్ మాట్లాడేవారు ఐదో వంతు కంటే తక్కువ. 1903 ఏప్రిల్‌లో ఈ నగరంలోనే యూదుల మీద జరిగిన మూకదాడిలో 49 మంది చనిపోయారు. ఆ వార్త ప్రపంచమంతా పాకింది. భిన్న సమూహాలు పక్కపక్కన బతకడం వేరు, అవి భద్రంగా బతకడం వేరు.

6. విలీనం, అల్టిమేటం, యుద్ధం (1917–1944)

తేదీల విషయంలో ఒక జాగ్రత్త. రష్యాలో అప్పటికి పాత క్యాలెండర్ వాడుకలో ఉంది. 20వ శతాబ్దంలో అది మన క్యాలెండర్ కంటే 13 రోజులు వెనక ఉంటుంది. అందుకే ఒకే సంఘటనకు పుస్తకాల్లో రెండు తేదీలు కనిపిస్తాయి.

1917లో రష్యన్ విప్లవం తరవాత బెస్సరేబియాలో స్ఫతుల్ త్సరీ అనే ప్రతినిధుల సభ ఏర్పడింది. ఆ ఏడాది డిసెంబరులో మోల్డావియన్ ప్రజాస్వామిక గణతంత్రాన్ని ప్రకటించింది. 1918 జనవరిలో రొమేనియా సైన్యం ప్రవేశించింది. ఫిబ్రవరిలో గణతంత్రం స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. ఏప్రిల్ 9న (పాత లెక్కలో మార్చి 27న) రొమేనియాలో విలీనం కావాలని సభ తీర్మానించింది. అనుకూలంగా 86 ఓట్లు, వ్యతిరేకంగా 3, తటస్థంగా 36. ఆ ఓటింగు ప్రజల కోరిక అని రొమేనియా, సైన్యం నీడలో జరిగిందని సోవియట్ ప్రభుత్వం వాదించాయి. 1920లో బ్రిటన్, ఫ్రాన్స్, ఇటలీ, జపాన్‌లు విలీనాన్ని గుర్తిస్తూ ఒప్పందం చేసుకున్నాయి. జపాన్ దాన్ని ధ్రువీకరించలేదు. సోవియట్ యూనియన్ అసలు అంగీకరించలేదు.

సోవియట్ ప్రభుత్వం మరో అడుగు వేసింది. 1924లో డ్నీస్టర్‌కు తూర్పు ఒడ్డున, ఉక్రెయిన్ లోపల, ఒక మోల్డావియన్ స్వయంప్రతిపత్తి గణతంత్రాన్ని ఏర్పాటు చేసింది. మోల్డావియన్లు రొమేనియన్ల కంటే వేరే జాతి, వారి భాష వేరే భాష అనే సిద్ధాంతానికి అది ప్రయోగశాల. అక్కడ భాషను సిరిలిక్ లిపిలో రాశారు. 1932లో లాటిన్ లిపికి మార్చారు. 1938లో మళ్లీ సిరిలిక్‌కు తెచ్చారు. భాష మారలేదు, విధానం మారింది.

1939 ఆగస్టు 23న కుదిరిన మొలొటొవ్–రిబ్బెన్‌ట్రాప్ ఒడంబడిక రహస్య పత్రంలో బెస్సరేబియా మీద తమకు ఆసక్తి ఉందని సోవియట్ యూనియన్ నమోదు చేసింది. 1940 జూన్ 26న రొమేనియాకు అల్టిమేటం ఇచ్చింది. 28న సోవియట్ సేనలు ప్రవేశించాయి. ఆగస్టు 2న మోల్డావియన్ సోవియట్ గణతంత్రం ఏర్పడింది. అప్పుడు జరిగిన సరిహద్దుల సర్దుబాటు మీకు చాలా ముఖ్యం. ఉత్తరాన హోతిన్ ప్రాంతాన్ని, దక్షిణాన బుడ్జాక్‌ను ఉక్రెయిన్‌కు ఇచ్చారు. బదులుగా డ్నీస్టర్‌కు తూర్పు ఒడ్డున ఉన్న సన్నని పట్టీని మోల్డావియాకు కలిపారు. నేటి మోల్డోవాకు సముద్రతీరం లేకపోవడానికి, ట్రాన్స్‌నిస్ట్రియా సమస్యకు మూలం ఈ ఒక్క నిర్ణయంలో ఉంది.

1941లో జర్మనీతో కలిసి రొమేనియా ఈ ప్రాంతాన్ని తిరిగి ఆక్రమించింది. మార్షల్ అంటొనెస్కు ప్రభుత్వం యూదులను సామూహికంగా చంపింది, మిగిలినవారిని డ్నీస్టర్ అవతలి శిబిరాలకు తరిమింది. రొమేనియా పాలనలో ఉన్న ప్రాంతాలన్నిటిలో కలిపి 2,80,000 నుంచి 3,80,000 మంది యూదులు మరణించారని రొమేనియా ప్రభుత్వమే నియమించిన అంతర్జాతీయ సంఘం 2004లో నిర్ధారించింది. ఎలీ వీజెల్ ఆ సంఘానికి అధ్యక్షుడు.

7. సోవియట్ పాలన (1944–1991)

1944 ఆగస్టులో సోవియట్ సైన్యం తిరిగి వచ్చింది. 1946–47లో కరవు వచ్చింది. వర్షాభావంతోపాటు నిర్బంధ ధాన్య సేకరణ కూడా కారణం. లక్ష మందికి పైగా చనిపోయారని అంచనా. 1949 జూలైలో సంపన్న రైతులనే ముద్ర వేసి 11,000కు పైగా కుటుంబాలను, అంటే సుమారు 35,000 మందిని, సైబీరియాకు, ఇతర దూర ప్రాంతాలకు తరలించారు. పరిశ్రమలను ఎక్కువగా డ్నీస్టర్ తూర్పు ఒడ్డున పెట్టారు.

సరిహద్దు ఎంత లోతుగా దిగుతుందో చూడాలంటే రైలు పట్టాలను చూడండి. మీటర్ గేజ్, బ్రాడ్ గేజ్ తేడా మీకు తెలుసు. రొమేనియా పట్టాల వెడల్పు 1435 మిల్లీమీటర్లు, సోవియట్ పట్టాలది 1520. బుకారెస్ట్ నుంచి కిషినావ్ వెళ్లే రైలు ప్రుత్ ఒడ్డున ఉంగేని స్టేషన్‌లో ఆగితే, పెట్టెలను జాకీలతో పైకి లేపి కింది చక్రాల బండ్లను మార్చేవారు. ప్రయాణికులు లోపలే కూర్చుని ఉంటారు. రెండు ఒడ్డులవారూ మాట్లాడుకునే భాష ఒకటే, వారి కింది చక్రాలు వేరు.

1910లో కిషినావ్‌లో పుట్టి, ఊరు వదలకుండా 1991 వరకు బతికిన ఒక వ్యక్తిని ఊహించుకోండి. రష్యన్ సామ్రాజ్యం, స్వల్పకాలపు గణతంత్రం, రొమేనియా, సోవియట్ యూనియన్, మళ్లీ రొమేనియా, మళ్లీ సోవియట్, చివరికి స్వతంత్ర మోల్డోవా: ఇంట్లోంచి కదలకుండానే ఆరుసార్లు దేశం మారింది. ప్రతి మార్పుతోనూ బడిలో లిపో, భాషో, వీధి పేరో మారింది. అప్పటివరకు చదువుకున్నవాళ్లు రాత్రికి రాత్రి కొత్త కార్యాలయాల్లో నిరక్షరాస్యుల కింద లెక్క. సరిహద్దు మార్పు అనే మాట మీరు రాసినప్పుడు, దాని అర్థం ఇది అని గుర్తుంచుకోండి.

8. స్వాతంత్ర్యం తరవాత

గోర్బచేవ్ సంస్కరణల కాలంలో ఉద్యమం మొదట భాష చుట్టూ లేచింది. 1989 ఆగస్టు 31న గణతంత్ర సుప్రీం సోవియట్ లాటిన్ లిపిని పునరుద్ధరించి, ఆ భాషను రాజ్యభాష చేసింది. 1991 ఆగస్టు 27న మోల్డోవా స్వాతంత్ర్యం ప్రకటించుకుంది.

రష్యన్ ఎక్కువగా వాడే తూర్పు పట్టీ దీన్ని అంగీకరించలేదు. 1992లో యుద్ధం జరిగి వందల మంది చనిపోయారు. రష్యా సైన్యం జోక్యంతో పోరు ఆగింది. ట్రాన్స్‌నిస్ట్రియా అప్పటి నుంచి వేరు పాలనలో ఉంది. ఐక్యరాజ్యసమితి సభ్యదేశం ఒక్కటి కూడా దాన్ని గుర్తించలేదు. అక్కడి అధికారులు ఈనాటికీ ఆ భాషను సిరిలిక్‌లోనే రాయిస్తారు. లాటిన్ లిపిలో బోధించే బడులను 2004లో బలవంతంగా మూయించడానికి ప్రయత్నించారు. పిల్లల విద్యాహక్కుకు భంగం కలిగిందని, దానికి రష్యా బాధ్యత వహించాలని యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం 2012లో తీర్పు చెప్పింది. దక్షిణాన గగౌజ్‌ల విషయంలో దారి వేరు. 1994 చట్టంతో వారికి స్వయంప్రతిపత్తి ఇచ్చారు. అక్కడ యుద్ధం రాలేదు.

భాష పేరు మాత్రం వివాదంగానే మిగిలింది. స్వాతంత్ర్య ప్రకటన "రొమేనియన్" అంది. 1994 రాజ్యాంగం "మోల్డోవన్" అంది. 2003లో వసీలే స్తాతి ఏకంగా మోల్డోవన్–రొమేనియన్ నిఘంటువు ప్రచురించాడు. భాషావేత్తలు దాన్ని ఒప్పుకోలేదు. 2013లో రాజ్యాంగ న్యాయస్థానం స్వాతంత్ర్య ప్రకటనలోని పేరుకే ప్రాధాన్యం అని తీర్పునిచ్చింది. 2023లో పార్లమెంటు అన్ని చట్టాల్లోనూ "రొమేనియన్" అని మార్చింది. 1994 నుంచి జాతీయగీతంగా ఉన్న "లింబా నోస్త్ర" అనే గీతం పేరుకు "మన భాష" అని అర్థం. అలెక్సెయ్ మతెయెవిచ్ 1917లో రాసిన ఆ గీతంలో భాష పేరు ఎక్కడా రాదు. బహుశా అందువల్లే అది అందరికీ ఆమోదమైంది.

9. మూడు ప్రశ్నలు

ఇప్పుడు పరిచయంలో వాయిదా వేసిన ప్రశ్నకు వద్దాం. అది నిజానికి ఒక ప్రశ్న కాదు, మూడు.

మొదటిది: అక్కడివారు మాట్లాడేది ఏ భాష? దీనికి భాషాశాస్త్రం జవాబిస్తుంది. మాండలిక భేదాలు, యాస ఉన్నా అది రొమేనియన్ భాషే. రెండోది: వారు తమను ఏమని పిలుచుకుంటారు? దీనికి వారే జవాబివ్వాలి. 2014 జనగణనలో 75.1 శాతం తమను మోల్డోవన్లమని, 7 శాతం రొమేనియన్లమని చెప్పుకున్నారు. మాతృభాషను కూడా సగానికి పైగా మంది మోల్డోవన్ అనే నమోదు చేయించారు. ఇదంతా సోవియట్ ప్రచార ఫలితమే అని కొట్టిపారేయడం తొందరపాటు. మోల్డావియా రాజ్యం 14వ శతాబ్దానిది, ఆ పేరు సోవియట్‌కు ముందే ఉంది. మూడోది: ఆ నేల ఏ రాజ్యంలో ఉండాలి? ఇది రాజకీయ నిర్ణయం. అక్కడ నివసించే అందరూ, రొమేనియన్ మాట్లాడనివారితో సహా, కలిసి తేల్చుకోవలసినది.

ఒకటో ప్రశ్న జవాబు నుంచి మూడో ప్రశ్న జవాబును నేరుగా లాగడం బుకారెస్ట్ చేసిన పని. మూడో ప్రశ్నకు తనకు కావలసిన జవాబు కోసం ఒకటో జవాబునే మార్చడం మాస్కో చేసిన పని. ఈ రెండింటి మధ్య నలిగినది బెస్సరేబియా. మరే సరిహద్దు ప్రాంతం గురించి చదివినా ఈ మూడు ప్రశ్నలను విడివిడిగా వేసుకోండి. ఒకదాని జవాబు ఇంకొకదాని స్థానంలో కనిపిస్తే, అక్కడ ఎవరి ప్రయోజనం ఉందో వెతకండి.

10. సారాంశం

ప్రుత్ నది 1812 వరకు మోల్డావియా రాజ్యం మధ్యలో ఉండి, బుకారెస్ట్ సంధితో సరిహద్దు అయింది. 1918లో రొమేనియాలో విలీనం, 1940లో సోవియట్ ఆక్రమణ, 1941లో రొమేనియా పునరాక్రమణ, 1944లో సోవియట్ పునరాగమనం, 1991లో స్వాతంత్ర్యం ముఖ్య ఘట్టాలు. 1940 నాటి సర్దుబాటు వల్ల మోల్డోవా సముద్రతీరం కోల్పోయి, తూర్పు ఒడ్డు పట్టీని పొందింది. పాలన మారినప్పుడల్లా లిపి, భాష పేరు, బడి మారాయి.

11. మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో జవాబులు రాయండి.
1. 1812 బుకారెస్ట్ సంధికి దారితీసిన పరిస్థితులను, దాని ఫలితాలను చర్చించండి.
2. బెస్సరేబియాలో భాషా విధానానికి, రాజ్యాధికారానికి ఉన్న సంబంధాన్ని వివరించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో జవాబులు రాయండి.
1. బెస్సరేబియా నైసర్గిక విభాగాలు
2. స్ఫతుల్ త్సరీ
3. 1940 నాటి సరిహద్దుల సర్దుబాటు
4. 1897 జనగణన అంకెలను రెండు పక్షాలూ ఎలా వాడుకున్నాయి?